మా మేడ మీది భారతక్క

నిన్న ఉదయం మా బడిలో కొత్తగా చేరిన పిల్లవాడు నా అరచేతిని నోటి దగ్గర పెట్టుకుని ‘ప’ అనబోయాడు. శబ్దం రాలేదు గానీ వెచ్చని ఊపిరి చేతికి తగిలింది. వినికిడి లేని పిల్లలకు మాట మొదట అలా చర్మం మీదే తెలుస్తుంది. ఆ వెచ్చదనం తగిలినప్పుడల్లా బళ్లారి గాంధీనగర్‌లో మా మేడ మీద అద్దెకున్న భారతక్క నాకు గుర్తొస్తుంది.

అవి గనులు జోరుగా సాగుతున్న రోజులు. కురుగోడులో సేద్యం చేసుకునే మా నాయన పొలం కౌలుకిచ్చి, ఖనిజం తోలే టిప్పర్లు కొని, బళ్లారికి మారాడు. ఇంట్లో ఫోను మోగని గడియ ఉండేది కాదు. వచ్చేవాళ్లు, పోయేవాళ్లు, అందరికీ ఏదో తొందర. డిగ్రీ పూర్తిచేసి కూర్చున్న నాకు మాత్రం పొద్దున ఎందుకు లేచానో తెలిసేది కాదు.

భారతక్కది బళ్లారి దగ్గరి మోక అనే ఊరు. భర్త మా టిప్పరే నడిపేవాడు. వాళ్ల ఐదేళ్ల పాప చందనకు పుట్టుకతోనే వినపడదు. చెవికి మిషను పెట్టినా అంతంత మాత్రమే. అలాంటి పిల్లలకు మాటలు నేర్పడమెలాగో భారతక్క మైసూరులో ఉండి నేర్చుకొచ్చింది. ఒక మధ్యాహ్నం నేను బట్టలు ఆరేయడానికి మేడెక్కితే, చాప మీద పాపను ఎదురుగా కూర్చోబెట్టుకుని, దాని అరచేతిని తన నోటి దగ్గర పెట్టుకుని ‘ప’ అంటూ ఉంది.

“సునందా, ఊరికే ఉండావు కదా? రా, ఈడ కూర్చో. నా ఒక్కదాని మొగమే చూసి చూసి దీనికి బేజారైపోయిండాది” అంది.

ఆ రోజు మొహమాటానికి కూర్చున్నాను. మరునాడు పిలవకుండానే వెళ్లాను.

కొన్ని నెలల తర్వాత ముగ్గురం బజారుకు వెళ్లాం. మిరపకాయ బజ్జీల బండి కనబడగానే చందన వేలు చూపించింది. బండివాడు కాగితంలో పెట్టి అందించబోతే భారతక్క చెయ్యి అడ్డం పెట్టింది. “ఇయ్యద్దన్నా. అది నోటితో అడగనీ.”

వెనకనున్న పెద్దాయన ఊరుకోలేదు. “ఏం తల్లివమ్మా నువ్వు? పాపం, మూగబిడ్డ. ఇచ్చేయప్పా!”

నాకు తల కొట్టేసినట్టయింది. “ఇద్దామక్కా, అందరూ చూస్తాండారు” అన్నాను.

“చూడనీలే. ఈరోజు మనం ఇస్తాం. రేపు మనం లేనప్పుడు యాడికి పోయి వేలు చూపిస్తాది?”

చందన కళ్లలో నీళ్లు తిరిగాయి. తల్లి పెదవులకేసి చూసింది, నాకేసి చూసింది. తర్వాత గొంతు మీద చెయ్యి పెట్టుకుని, ముక్కలు ముక్కలుగా, “బ... జ్జి” అంది. తిట్టిన పెద్దాయనే ముందుకొచ్చి, “ఇంకోటి కూడా ఇయ్యప్పా” అన్నాడు. భారతక్క అప్పుడు ఏడ్చింది.

ఆ ఏడే మా మామ నాకు గని ఆఫీసులో ఉద్యోగం చూశాడు. జీపు ఇంటికే వచ్చి తీసుకెళ్తుందట. ఇంట్లో అందరికీ సంబరం. ఆ ఉద్యోగం వద్దు, చందన దగ్గరే ఉండమని భారతక్క అంటుందన్న ఆశతో మేడెక్కాను.

“నా బిడ్డ కోసమైతే ఉండొద్దు. జాలితో వచ్చినోళ్లు నాలుగు దినాలకే అలసిపోతారు. యాడుంటే నీకు పొద్దు తెలీకుండా పోతాదో అది చూసుకో” అంది.

నేను ఉద్యోగంలో చేరాను. సాయంత్రం ఎప్పుడవుతుందా, ఎప్పుడు మేడెక్కుతానా అనే రోజంతా చూసేదాన్ని. జవాబు నాకే దొరికింది. చెవిటి పిల్లలకు చదువు చెప్పే శిక్షణకు మైసూరు వెళ్తానని నాయనతో చెప్పాను.

“జనాలు గని పనికోసం ఎగబడతాండారు. నువ్వు వద్దంటావు! ఏందమ్మా ఇది?” అన్నాడాయన.

అప్పుడే మేడ దిగి వచ్చిన చందనను, మాట మార్చడానికి కాబోలు, “నీ పేరేంది పాపా?” అని అడిగాడు. జవాబొస్తుందని ఆయన అనుకోలేదు. చందన ఆయన పెదవులనే చూసి, గొంతు సర్దుకుని, మొదలుపెట్టింది. నాయన చేతిలో ఫోను మోగుతోంది. ఎవరికోసమూ ఆగని మా నాయన, ఆ మూడక్షరాలూ పూర్తయ్యేదాకా ఫోను ఎత్తలేదు.

“పో అమ్మా” అన్నాడు చివరికి. బస్సు ఎక్కించడానికి కూడా తనే వచ్చాడు.

తర్వాత కోర్టు ఆదేశంతో గనులు ఆగిపోయాయి. మా టిప్పర్లు అమ్ముడుపోయాయి. నాయన మళ్లీ కురుగోడు పొలానికి చేరాడు. భారతక్క కుటుంబం మోకకు వెళ్లిపోయింది. చందన చదువుకుని ఇప్పుడు హోస్పేటలో ఉద్యోగం చేస్తోంది. భారతక్క చనిపోయిన కబురు నాకు చందనే స్వయంగా ఫోనులో చెప్పింది. ప్రతి మాటా నాకు అర్థమైంది.

మా బడికి మొదటిసారి వచ్చే తల్లులందరూ దాదాపు ఒకటే అడుగుతారు: “మేడమ్, నా బిడ్డ మాట్లాడతాదా?” మాట్లాడుతుందని నేను మాటివ్వను. చాప మీద పక్కకు జరిగి, “రామ్మా, కూర్చో. ఈరోజే మొదలుపెడదాం” అంటాను.