పారవశ్యం అనుకున్నాం

శొంఠి, మిరియాలు, ఏలకులు కలిపి రోట్లో దంచుతుంటే లేచిన ఘాటు మొన్న శ్రీరామనవమి పొద్దున నా ముక్కుకు తగిలి, నలభై ఏళ్ళ కిందటి ఉక్కు ప్లాంటు కాలనీలో, మా సెక్టర్ 7 క్వార్టరు వరండాలో నన్ను కూర్చోబెట్టింది. ఏప్రిల్ వడగాలికి కిటికీలకు కట్టిన వట్టివేళ్ళ తడికెల మీద అమ్మ నీళ్ళు చల్లుతుండేది, స్టీలు డ్రమ్ములో బెల్లం పానకం చల్లబడుతుండేది, నానిన పెసరపప్పులో కొబ్బరి కోరు, మామిడి తురుము కలిపి మోదుగాకు దొన్నెల్లో పెడుతుంటే పక్క క్వార్టరు ఛత్తీస్‌గఢీ పిల్లలు గోడ దూకి వచ్చేవారు. సాయంత్రాలు ప్లాంటు వైపు కొలిమిలోంచి తీసిన కరిగిన మడ్డి పారబోసినప్పుడు ఆకాశమంతా ఎర్రబడేది. ఆ వెలుగులో పెంకులు పేర్చి పిట్టూ ఆడుకునేవాళ్ళం.

శనివారాలు మాత్రం ఆట లేదు. ఆ రోజు మా వరండాలో రామాయణ పారాయణం. క్యాంప్ 2 బస్తీ నుంచి పారాయణ మండలివాళ్ళు సైకిళ్ళ మీద వచ్చేవారు. డ్యూటీ దిగి నేరుగా వచ్చినవాళ్ళ బట్టల్లోని గ్రీజు వాసన, అమ్మ వేసిన సాంబ్రాణి పొగ కలిసిపోయేవి. మా నాన్న ప్లాంటులో ఫిట్టరు. శ్రీకాకుళం దగ్గర పల్లెలో చిన్నప్పుడే రామకథ మొత్తం కంఠస్థం చేసినవాడు. పుస్తకం పీట మీద తెరిచి ఉండేది గానీ చూపు దాని మీద ఉండేది కాదు. ఎక్కడ పుట తిప్పాలో ఆయన వేలికి తెలుసు. నాకు అక్షరాల కంటే ముందు శ్లోకాలు వచ్చాయి. ఈ రోజుకీ నా నమ్మకానికి ఆ గొంతే పునాది.

నాకు పదేళ్ళప్పుడు ఒక శనివారం పారాయణంలో నాన్న పక్కనున్న దీపపు సెమ్మెను మోచేత్తో పడగొట్టాడు. తరవాతి వారం ఎవరో ఎడమ పక్క నుంచి ప్రసాదం అందిస్తే చెయ్యి చాపలేదు. మెట్టు తప్పాడు, తలుపు రెక్కకు భుజం కొట్టుకున్నాడు. ఇంకో ఇంట్లోనైతే ఇదేమిటని అడిగేవారు. మాది భక్తుల ఇల్లు. మండలికి పెద్ద అయిన నాయుడు మావయ్య చేతులు జోడించి, "ఆయన మన మద్దిన ఉన్నాడేటి? సామి దగ్గరున్నాడు" అన్నాడు. అందరూ తలలూపారు. మా నాన్నకు పారవశ్యం వస్తుందని నేను బడిలో గొప్పలు చెప్పుకున్నాను.

అమ్మ ఒక్కతే నమ్మలేదు. "ఏటండీ, పక్కనున్న గోడ కూడా అగుపడ్డం నేదేటి మీకు? ఒకపాలి కళ్ళు సూపించుకోండి" అని పోరగా పోరగా, నాన్న బజారులో కళ్ళజోళ్ళ దుకాణానికి వెళ్ళి వచ్చాడు.

"ఏటన్నాడు?" అంది అమ్మ.

"ఏటంటాడు? కిందాకరి అచ్చరాల వరస గడగడా సదివీసినాను. 'బాబూజీ, ఆంఖే ఏక్‌దమ్ బఢియా' అన్నాడు, కళ్ళు బాగున్నాయంట. జోడు నీకే ఎట్టించాల, నాకు నేని జబ్బు నీకు అగుపడతంది!"

అందరం నవ్వాం. ఆ నవ్వుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

రెండేళ్ళ తరవాత సైకిలు మీద వెళ్తూ, పక్క నుంచి రోడ్డెక్కుతున్న గేదె కనబడక గుద్దుకుని, చెయ్యి విరిగి నాన్న ఆసుపత్రిలో పడ్డాడు. అంత పెద్ద గేదె ఎలా కనబడలేదని అక్కడి డాక్టరమ్మ అనుమానపడి కంటి విభాగానికి పంపింది. అప్పుడు తెలిసింది, నీటికాసులని. గ్లాకోమా అంటారు. కంటిలో ఒత్తిడి పెరిగి, చూపును మెదడుకు మోసే నరం కొద్దికొద్దిగా చచ్చిపోతుంది. నాన్నకు ఏనాడూ నొప్పి లేదు, కన్ను ఎర్రబడలేదు. చూపు అంచుల నుంచి తరుగుతూ వస్తుంది. నడిమి చూపు చివరిదాకా నిలుస్తుంది గనుక గోడ మీది అక్షరాలు గడగడా చదివేయవచ్చు. పోయింది తిరిగి రాదు, రోజూ చుక్కలు వేసుకుంటే మిగిలింది కాపాడుకోవచ్చు అన్నారు. మా నాయనమ్మ ముసలితనంతో గుడ్డిదైందని అందరూ చెప్పుకున్నది కూడా ఇదే కావచ్చన్నారు. కుటుంబాల్లో నడిచే జబ్బు, పిల్లలు పెద్దయ్యాక ఏటా చూపించుకోవాలన్నారు.

నాన్న చుక్కలు వేసుకున్నాడు. కానీ ఆ మందు కంటి నుంచి గొంతులోకి చేదుగా దిగేది. గొంతులోకి దిగితే ఉపవాసం చెడినట్టే అన్నారు మండలివాళ్ళు. ఏకాదశులకు మానేశాడు, శనివారాలకు మానేశాడు, కార్తీకమంతా మానేశాడు. నాకు పద్దెనిమిదేళ్ళు వచ్చేసరికి పీట మీది పుస్తకం ఆయనకు చెక్కముక్కతో సమానం. అయినా గొంతు ఆగలేదు. మండలి మరింత మురిసిపోయింది. నేను మాత్రం రాముడి పటం ముందు నిలబడి గట్టిగానే అడిగాను, చుక్క మందు గొంతు దిగితే నువ్వు అలుగుతావా అని. ఆయన అలగడు. అలుగుతాడని చెప్పినవాళ్ళతోనే నా పేచీ.

ముప్పై అయిదో ఏటి నుంచి నేను ఏటా కళ్ళు చూపించుకుంటున్నాను. తమ్ముడు రమణ ఒక్కసారీ రాలేదు. నాన్న తరవాత పారాయణం పీట వాడికి వచ్చింది. మొన్న నవమినాడు వాడికి ఎడమ వైపు నుంచి పానకం గ్లాసు అందించాను. చూడలేదు. ఇంకొంచెం దగ్గరగా తెచ్చాను. అప్పుడూ చూడలేదు. ఎనభై దాటిన నాయుడు మావయ్యకు కళ్ళు చెమర్చాయి. "అచ్చం మీ నాన్నేనమ్మా! అదే పారవశ్యం."

"కాదు మావయ్యా" అన్నాను అందరికీ వినబడేలా. "రమణా, రేపు పొద్దున్నే ఆస్పత్రికి ఎల్తన్నాం."

"అప్పా, టెన్షన్ మత్ లో, కంగారు పడకు. సిన్నచ్చరాలు కూడా నాకు బాగానే అగుపడతన్నాయి."

"నాన్నకీ అగుపడ్డాయి."

మావయ్య ముఖం ముడుచుకున్నాడు. "నీకు నమ్మకం తగ్గిపోనాదే."

"నమ్మకముంది గనకే మావయ్యా. ఈ కళ్ళు సామిచ్చినవి. పాడుసేసి ఆయనకే అప్పసెప్పమంటావేటి?"

మర్నాడు రమణను లాక్కెళ్ళాను. ఒత్తిడి కొలిచారు, మందు వేసి కంటిపాప పెద్దది చేసి నరం చూశారు, గిన్నెలాంటి యంత్రానికి గడ్డం ఆనించి వెలుగు చుక్క కనబడినప్పుడల్లా మీట నొక్కమన్నారు. ఎడమ పక్కన వెలిగిన చుక్కలు చాలావరకు వాడికి కనబడనే లేదు. అదే జబ్బు, ఎడమ కంటి చూపు అంచు కొంత పోయింది. మిగతాది ఉంది. నాన్నకు దక్కని మిగతాది.

మా వరండా ఇప్పుడు వేరేవాళ్ళది. మోదుగాకు దొన్నెలు పోయి ప్లాస్టిక్ గ్లాసులొచ్చాయి, రిటైరైనవాళ్ళు చాలామంది విశాఖ వెళ్ళిపోయారు, ఇక్కడ పుట్టిన పిల్లలు శ్లోకాలను హిందీ అక్షరాల్లో రాసుకుని చదువుతున్నారు. వాటిని నేను ఆపలేను. చూపును మాత్రం పోనివ్వను. తరవాతి శనివారం, నలభై దాటిన మండలివాళ్ళందరినీ కంటి ఆసుపత్రి బెంచీల మీద వరసగా కూర్చోబెట్టాను. "పారాయణం మానీసి ఆస్పత్రికేటే" అని దారి పొడవునా గొణిగిన నాయుడు మావయ్యే, వంతు వచ్చేలోగా ఊరికే కూర్చోలేక మొదటి శ్లోకం అందుకున్నాడు. ఆ వారం పారాయణం అక్కడే జరిగింది. పేరు పిలిచినప్పుడల్లా ఒక గొంతు లేచి లోపలికి వెళ్ళింది. మిగిలిన గొంతులు శ్లోకాన్ని కొనసాగించాయి.