ఎవరూ కూర్చోని చైకా

క్యాంటీనులో అందరి ముందూ గూత్యా ఆ పెద్దమనిషి కాలు పట్టుకుంది. బతిమాలడానికి కాదు.

ఆ పెద్దమనిషి రిమ్మా అర్కాద్యెవ్నా, మా మోటారు బళ్ల కర్మాగారంలో కార్మిక సంఘం పేరు చెప్పి పెత్తనం చేసే ఆవిడ. ఏటా ఆకురాలే కాలంలో మమ్మల్ని బస్సుల్లో కుక్కి ఊరవతలి సామూహిక పొలాలకు బంగాళదుంపలు తవ్వడానికి తోలేది ఆవిడే. రానని అన్న మనిషిని అప్పటిదాకా నేను చూడలేదు. ఆ రోజు గూత్యా అంది.

"ఏం తల్లీ, నీ చేతులేమైనా జారు చక్రవర్తి ఇచ్చిపోయాడా? డైరెక్టరుగారి భార్యే వచ్చి తవ్వుతుంటే నీకేంటి నొప్పి?" అంది రిమ్మా.

"డైరెక్టరుగారి భార్య చేతులతో డైరెక్టరుకొక్కడికే పని. నా చేతులతో మంత్రులందరికీ పని" అంది గూత్యా.

మగవాళ్లకి చారు మింగలేక పొలమారింది. రిమ్మా మొహం బీట్‌రూట్ అయింది. గూత్యా వదలలేదు. వంగి, ఆవిడ కాలు పట్టుకుని బల్ల మీదకి లాగింది. పరదేశపు నైలాన్ మేజోళ్లవి. వాటి గురించి మా ఇళ్ల ఉమ్మడి వాకిట్లో ఆడవాళ్లు వారం రోజులుగా మాట్లాడుకుంటున్నారు. గూత్యా తన అరచేతిని మడమ నుంచి మోకాలి దాకా నిదానంగా జార్చింది. ఒక్క పోగు లేవలేదు.

"చూశావుగా. ఇప్పుడు దుంపలకి వెళ్తా. తిరిగొచ్చి ఇదే మేజోడు మీద ఇలాగే చెయ్యి వేస్తా. పోగు లేవకపోతే చచ్చేదాకా ఏటా నేనే తవ్వుతా. లేచిందనుకో, మేజోడు నీది, ఏడుపూ నీదే. సరేనా?"

రిమ్మా మరుగుతున్న జావ ఒలికినట్టు కాలు లాక్కుంది. నేను గరిటె గాల్లో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. వడ్డించాల్సిన చారు నా చెప్పుల్లో పడింది. ఆ తర్వాత గూత్యాని దుంపలకి రమ్మని పిలిచినవాళ్లు లేరు.

పూర్తి పేరు ఆవ్గుస్తా మిరోనొవ్నా. అంత పేరు క్యాంటీను వరసలో పిలిచే తీరిక ఎవరికి ఉంటుంది? గూత్యా అనేవాళ్లం. వోల్గా అవతల సెమ్యోనొవ్ అడవుల వైపు పిల్ల. వాళ్ల ఇంట్లో అందరూ చెక్క చెంచాలకు వార్నిషు పూసి బతికారు. తండ్రి యుద్ధంలో పోయాడు. తల్లి ఆ చెంచాలే పూస్తూ దగ్గి దగ్గి పోయింది. పిల్ల తలగుడ్డ మూటతో గోర్కీ నగరానికి వచ్చి మా కర్మాగారం గేటు ముందు నిలబడింది. పెయింటు షెడ్డు మేస్త్రీ దాని అరచేతులు తిరగేసి చూశాడట. చెమట పట్టని చేతులు. వెంటనే చైకా షెడ్డులోకి పంపాడు.

చైకా అంటే మా నదుల మీద తెల్లగా ఎగిరే పక్షి. ఆ పేరు పెట్టిన కారు మాత్రం నల్లన. మొదటి రోజుల్లో దాని ముందు జాలీ మీద చాచిన రెక్కలు ఉండేవి. దూరం నుంచి అది వస్తుంటే కారు వస్తున్నట్టు ఉండేది కాదు, ప్రభుత్వం వస్తున్నట్టు ఉండేది. లోపల ఎవరూ లేకుండా పరీక్షకి తిప్పినా చౌరస్తాలో పోలీసు సెల్యూట్ కొట్టేవాడు. లోకంలో ఎంత గొప్ప కారైనా డబ్బుంటే దొరుకుతుంది. చైకా అలా కాదు. సంచీడు రూబుళ్లు మోసుకొచ్చినా అమ్మరు. పదవి వస్తే వచ్చేది, పదవి పోతే పోయేది. బాగా పాతబడ్డవాటిని పెళ్లి రిజిస్టరు ఆఫీసులకు ఇచ్చేవారు. మామూలు పిల్ల ఒక్క గంటసేపు మార్షలుగారి సీట్లో తెల్లగౌనుతో కూర్చునేది. ఆ ఒక్క గంట కోసం పెళ్లి ఆరునెలలు వాయిదా వేసుకున్నవాళ్లు నాకు తెలుసు. పిల్లకి కడుపు పెరుగుతున్నా సరే, చైకా కావాల్సిందే.

తక్కిన కర్మాగారమంతా లారీల్ని రొట్టెల్లా కాల్చి బయటికి తోసేది. చైకా షెడ్డులో బళ్లని మోసుకెళ్లే కన్వేయరు బెల్టు లేదు. బండి కదలకుండా నిలబడేది, పెళ్లికూతురి చుట్టూ మేనత్తలు మూగినట్టు మనుషులే దాని చుట్టూ మూగేవాళ్లు. గూత్యా పని చిట్టచివర. నల్లరంగు పూత మీద పూత వేసి, ఆరబెట్టి, నీళ్లలో తడిపిన ఉప్పుకాగితంతో రుద్ది, మళ్లీ పూత వేశాక, మెరుగు పెట్టే పని ఆమెది. కన్ను మోసం చేస్తుందని కళ్లు మూసుకుని అరచేత్తో తడిమేది. "ఇక్కడ చలేస్తోంది దీనికి" అనేది. అంటే అక్కడ రేకు మీద, చలికి రోమాలు నిక్కిన చర్మంలాంటి గరుకు ఉందన్నమాట. నాకది పిచ్చిలా ఉండేది.

అంతకంటే పిచ్చి వాళ్ల ఇంట్లో ఉండేది. ఆమె మొగుడు దెమ్యాన్ లారీల విభాగంలో వెల్డరు, ఎలుగుబంటిలాంటి మనిషి. అతను గిన్నెలు తోమేవాడు. నేల తుడిచేవాడు. బట్టలు పిండి మా అందరి కళ్ల ముందే వాకిట్లో తీగ మీద ఆరేసేవాడు! నేను మొదటిసారి చూసినప్పుడు గూత్యా మంచానపడి ఉందేమోనని పరిగెత్తుకెళ్లాను. గూత్యా కిటికీ దగ్గర కూర్చుని చేతులకి పెద్దబాతు కొవ్వు రాసుకుంటోంది.

"సిగ్గులేదటే? మొగుడి చేత లంగాలు ఉతికిస్తావా?"

"నన్నడుగుతావేంటే తైస్యా, అతన్నడుగు."

అడిగాను. దెమ్యాన్ పిండుతున్న గుడ్డ ఆపకుండా, "వదినా, టీవీలో మే ఒకటో తారీకు కవాతులో చైకాని చూస్తావు కదా? ఆ కారు మీద మెరిసేది మా ఇంటి గిన్నెలే" అన్నాడు.

ఎనభై ఎనిమిదిలో పిడుగు పడింది.

సోవియట్ దేశమంతా కొత్త గాలి. పెద్దలకి ప్రత్యేక సౌకర్యాలేంటని పేపర్లు రాస్తున్నాయి. రాయాల్సిందే, నేనూ చప్పట్లు కొట్టినదాన్నే. మా ఇంట్లో సాసేజి ముక్క లేని రోజుల్లో వాళ్లకి మాత్రం వేరే కొట్లు ఉండేవి. కానీ పైవాళ్లు ఆ కొట్లు మూయకుండా ముందు చైకాని పట్టుకున్నారు. ఇక చేయొద్దన్నారు. అంతవరకు అర్థమవుతుంది. ఆగిపోయిన వస్తువులు ఎన్ని లేవు! కానీ అచ్చులు విరగ్గొట్టమన్నారు. నక్షాలు కాల్చమన్నారు. చెక్కతో చేసిన నమూనా ఉండేది, నిలువెత్తు కారంత, దాన్ని కొట్టెయ్యమన్నారు. చివరికి అలమారులో బొమ్మ కార్లు ఉంటే వాటినీ వదలొద్దన్నారు. మళ్లీ ఎవడూ ఎప్పటికీ చేయలేకుండా. నేను వంటింట్లో ఈ మాట విని నమ్మలేదు. శత్రువు కూడా ఊరు తగలబెడతాడు గానీ నూతిలో విషం కలపడానికి ఒకసారి ఆలోచిస్తాడు. ఇది మన చేత్తో మన నూతిలోనే కలపడం!

పెరట్లో పొగ లేచింది. అప్పుడు నమ్మాను.

షెడ్డులో చిట్టచివరి బండి ఒకటి మిగిలింది. రంగు వేశారు, మెరుగు పెట్టలేదు. లోపల డొల్ల. దాన్ని కూడా కోసేయాలి. షెడ్డు అధికారి వెనియమిన్ ఇల్యిచ్ మంచివాడే, మెత్తనివాడు. ఆయన క్యాంటీనులో భోజనం చేస్తుండగా గూత్యా వచ్చి పళ్లెం ముందు నిలబడింది.

"వెనియమిన్ ఇల్యిచ్, ఆ బండి పూర్తి చేసి ఇస్తాం."

"ఎవరికి?"

"కోసేవాళ్లకి."

ఆయన చెంచా కింద పెట్టాడు. "ఆవ్గుస్తా మిరోనొవ్నా, ఒంట్లో బాగుందా? ముక్కలు చేసేదానికి మెరుగేంటి? వార్నిషు దండగ, మనుషులు దండగ. పైవాళ్లకి తెలిస్తే నా తల తీసేస్తారు."

"పురిట్లో పోయిన పసికందుకైనా నీళ్లు పోసి, తెల్లగుడ్డ చుట్టి పంపుతారు, అయ్యా. మీ తలకి ఏమీ కాదు. మేం వద్దనటంలేదు, కోసుకోండి. కానీ సగంలో ఉన్నదాన్ని కోయనివ్వను. అది కారు కావాలి. అయ్యాక కోసుకోండి."

ఆయన పళ్లెం పక్కకి తోశాడు. "శుక్రవారం దాకా నేనేమీ చూడలేదు" అని, తిండి వదిలేసి లేచిపోయాడు.

గూత్యా ఒక్కతే రుద్దుకుంటుందిలే అనుకున్నాను. కాదు. షెడ్డు షెడ్డంతా కదిలింది. సీట్లు కుట్టే ఆడవాళ్లు దాచిపెట్టిన బూడిదరంగు గుడ్డ బయటికి తీశారు. అద్దాలవాడు అద్దాలు బిగించాడు. లోపలి దీపాలు, తలుపు పిడులు, నేల మీద తివాచీ, అన్నీ వచ్చాయి. ఇంజను మాత్రం దొరకలేదు, ఎప్పుడో తీసుకుపోయారు. మధ్యాహ్నం అందరూ నిలబడే రొట్టె మింగి పరిగెత్తేవాళ్లు. అచ్చులు బద్దలయ్యే చప్పుడు ఒక గోడ అవతల, వీళ్లు గుడ్డతో రుద్దే చప్పుడు ఇవతల. నాకు ఒళ్లు మండింది.

"ఏమే, శవానికి పెళ్లి నగలా? మీ మతులు పోయాయా అందరికీ?" అన్నాను గూత్యాతో.

"నీ చారులో ఉప్పు పోయింది, ముందు అది చూసుకో" అంది.

శుక్రవారం పొద్దున్న కాబేజీ తరుగుతుంటే వడ్డించే కిటికీలో గూత్యా తల కనిపించింది. ఉతికిన కొత్త తలగుడ్డ. కళ్లు ఎర్రగా, మొహం మాత్రం పండగలా ఉంది.

"తైస్యా, ఆ ఏప్రన్ తీసేసి రా."

"ఎక్కడికే?"

"షెడ్డుకి. గేటు కాపలావాడికి చెప్పాను, వదులుతాడు. బండి అయిపోయింది. ఇంకొక్కటే తక్కువ. మనిషి కూర్చోలేదు."

"మీరందరూ ఏమయ్యారు? ఎక్కి కూర్చోండి!"

"మేం కూర్చోకూడదు. చేసినవాడు వెనక సీట్లో కూర్చుంటే ఆ బండి మరమ్మతుకి తిరిగొస్తుందంటారు. మా షెడ్డులో మొదటినుంచీ అంతే. ఇన్నేళ్లలో ఏ ఒక్కరం ఆ సీటు మీద వాలలేదు. ఇదిక ఎక్కణ్నించి తిరిగొస్తుందిలే అని దెమ్యాన్ అన్నాడు గానీ, ఎవ్వరికీ కాలు రాలేదే. ఎవరూ కూర్చోకపోతే అది రేకుల డబ్బా. కారు కాదు. డబ్బానే కోసినట్టవుతుంది."

కత్తి కాబేజీలో గుచ్చాను. "నేనా? మంత్రిగారి సీట్లో నేనా? ఒళ్లంతా ఉల్లిపాయ కంపుతో? నీకు ఈ కర్మాగారంలో ఇంకెవరూ దొరకలేదటే?"

"రిమ్మాని పిలవమంటావా?"

నేను ఏప్రన్ ముడి విప్పాను.

"కంపు ఉంటే ఉండనీ" అంది గూత్యా, కిటికీలోంచి చెయ్యి చాపి నా తడిచేతిని తన అరచేతిలోకి తీసుకుని. "ఎక్కేటప్పుడు తలుపు నువ్వు తియ్యకు, దెమ్యాన్ తీస్తాడు. వెనకాల కుడివైపు కూర్చో. ఇంజను లేదు, కట్టర్లు పెట్టినచోటి దాకా మేమే తోస్తాం. దారికి రెండుపక్కలా మనవాళ్లు నిలబడి ఉంటారు. కిందికి చూడకు. అద్దంలోంచి వాళ్లని చూసి ఒక్కసారి, నిదానంగా, చెయ్యి ఊపు. ఇంకో మాట, తైస్యా. ఏడవకు. మంత్రులు ఏడవరు."