సకినాల పొట్లం మీది నల్లగీత

మా కోడలి సకినాలను హైదరాబాద్ ప్రయోగశాల కూడా ఏమీ చేయలేకపోయిందని కరీంనగర్‌లో నేను చెప్పని చాయ్ హోటల్ లేదు. ఒకచోట ముగ్గురు శాస్త్రవేత్తలు చేతులెత్తేశారన్నాను. ఇంకో హోటల్‌కు చేరేసరికి వాళ్లు ఏడుగురయ్యారు. జరిగింది వేరు.

కోడలు ఇంట్లో సకినాలు చేసి, పొట్లాలు కట్టి దుకాణాలకు వేస్తుంది. గల్ఫ్‌కు పోయేవాళ్లు పెట్టెల్లో సర్దుకుపోతారు. పొట్లం మీద ఏం రాయాలో చూడమని నాకు అప్పగించింది. ఏదో కంపెనీ పొట్లం ముందు పెట్టుకున్నాను. దాని మీద ‘జన్యుమార్పిడి పదార్థాలు లేవు’ అని ఉంది. మాట గంభీరంగా తోచింది, దించేసి అచ్చు వేసే ప్రెస్సుకు పంపాను.

ఒకరోజు ఆహార తనిఖీ అధికారి వచ్చి ప్రయోగశాలకు పంపడానికి సకినాలను నాలుగు వాటాలు చేసి సీలు వేశాడు.

“ఏ నూనెల గోలిస్తరమ్మా?”

“పత్తిగింజల నూనెల సార్. భైంసా మిల్లుకెళ్లి డబ్బాలొస్తయ్,” అన్నది కోడలు.

ఆ మిల్లు మా సొంతూరి పక్కనే, మా పొలం ఇంకా అక్కడే ఉంది. నేను మీసం దువ్వాను. “గా మిల్లుకు పత్తి పోసేది మేమే సార్. అంత బీటీ. వేరేది పెట్టనే పెట్టం.”

అధికారి పొట్లం చూశాడు, నన్ను చూశాడు. “బీటీ అంటేనే జన్యుమార్పిడి, పెద్దమనిషీ. మరి గీ ముక్క ఎవరు రాసిన్రు?”

“ప్రెస్సాయన,” అన్నాను.

రిపోర్టు వచ్చేదాకా అమ్మొద్దని, తేడా వస్తే లైసెన్సు పోతుందని చెప్పి వెళ్లాడు. కోడలు పొయ్యి వెలిగించలేదు. నేరుగా ప్రెస్సుకు ఫోన్ చేసింది.

రిపోర్టు వచ్చింది. అంతగా శుద్ధిచేసిన నూనెలో పట్టుకోవడానికి జన్యువుల జాడ మిగలదట. ఉందనీ లేదనీ తేల్చలేమన్నారు. నా విజయం అక్కడిదాకే. కోడలు చివరిదాకా చదివింది. రుజువు లేని ఆ మాట తీసేయాలి, నూనె పేరు రాయాలి, అప్పుడే అమ్మకం.

“ప్రయోగశాలల దొరకలే మామా, ఇంట్ల దొరికింది,” అంటూ ఓ కాగితం నా ముందు పెట్టింది. ప్రెస్సాయన పంపించాడట. అందులో ఆ ముక్క నా చేతిరాతలోనే ఉంది.

కొత్తవి అచ్చయ్యేదాకా పాత పొట్లాల మీద దిద్దుకోమని అధికారి ఒప్పుకున్నాడు. కోడలు నల్లపెన్ను నా చేతికిచ్చింది. ఒక్కో పొట్లం మీద నా ముక్క కొట్టేసి, పక్కన ‘పత్తిగింజల నూనె’ అని రాశాను. వేళ్లు నొప్పిపెట్టాయి గానీ లైసెన్సు నిలిచింది.

ఆ గీత కింద ఏముందని దుకాణాలవాళ్లు అడిగితే “మా మామను అడుగున్రి,” అంటుంది కోడలు.

అడుగుతారు. నేను ఏడుగురు శాస్త్రవేత్తల దగ్గర మొదలుపెడతాను.