సమ్మెలో మక్క మొక్కలు

తెలంగాణ సమ్మె మొదలైన రోజు జగిత్యాలలోని మా విశ్వవిద్యాలయ పరిశోధన కేంద్రానికి తాళం వేసింది మా అటెండరే. తాళంచెవి మొలతాడుకు కట్టుకుని గేటు ముందు టెంటులో కూర్చున్నాడు. కేంద్రాన్ని నడిపేది డైరెక్టరా, ఇతనా అన్న అనుమానం నాకు అంతకు ముందే ఉండేది.

నా చరిత్ర పరిశోధన కోసం సిరిసిల్ల నేతన్నలు చెప్పిన ముచ్చట్లు రికార్డు చేసిన నా టేపులన్నీ లోపలే ఉండిపోయాయి. ఐదు నిమిషాలు తలుపు తీయమని బతిమాలాను.

"గేటు దాటితే ఉద్యమ ద్రోహులైతరు సార్. కూసోండ్రి," అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. నా పక్కన కూర్చున్న కోరుట్ల సైన్సు సారు మాత్రం మురిసిపోతున్నాడు. నీళ్లు లేకుండా ఏ మక్కజొన్న రకం ఎన్నాళ్లు బతుకుతుందో తేల్చడం ఆయన పరిశోధన. లోపల కిటికీల పక్కన కుండీలు పెట్టి, నీళ్లు ఆపిన రోజే సమ్మె వచ్చింది.

"ఇగ ముట్టెటోడే లేడు," అన్నాడు నాతో.

నెలన్నరకు సమ్మె ముగిసి తలుపు తీస్తే మక్కలు నడుమెత్తున నవనవలాడుతున్నాయి. ఆయన చరిత్ర చెప్పుకునే నన్ను కూడా వాటేసుకుని, దేశంలో కరువు పోయినట్టేనన్నాడు.

అటెండరు మా ఇద్దరినీ ఓ మూలకు పిలిచాడు. మొహం మాడిపోయి ఉంది.

"మీ కాళ్లు మొక్కుత సార్, ఎవ్వలకు చెప్పకుండ్రి. సమ్మె మనకు గని, గా మొక్కలకేంది? పానం ఆగక దినాం పొద్దుగాల్నే పోయి బకెట్ నీళ్లు పోసిన. తెలిస్తే నన్ను ఉద్యమ ద్రోహి అంటరు."