చూరు కింద బిందెలు

మొన్న నంద్యాలలో మధ్యాహ్నం పూట ఉన్నట్టుండి వాన పట్టుకుంది. నేను మోకాళ్లను తిట్టుకుంటూ లేచి, బకెట్ ఒకటి ఈడ్చుకొచ్చి మేడ మీది నీళ్లు పడేచోట పెట్టాను. కోడలు చూసి, "ఎందుకత్తా ఈ అగచాట్లు? కొళాయి వస్తాండాది కదా" అంది. ఎందుకో చెప్పాలంటే సముద్రం దాటి పోయి రావాలి. ఆ పూట అంత ఓపిక లేక ఊరుకున్నాను.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. నాయన నంద్యాలలో బడిపంతులు. ఈ ఏడు ఉంటే వచ్చే ఏడు ఉంటుందో లేదో తెలియని ఉద్యోగం. మలయాలో, అంటే ఇప్పటి మలేషియాలో, రబ్బరు తోటల్లో పనిచేసే తెలుగువాళ్ల పిల్లలకు పంతులు కావాలని ఎవరో చెబితే, పెట్టేబేడా సర్దుకుని మద్రాసులో ఓడెక్కాం. నాకు ఎనిమిదేళ్లు, చెల్లెలు చంకబిడ్డ. అమ్మది ఆళ్లగడ్డ. తెల్లవారకముందే బావి దగ్గర వరుసలో నిలబడి పెరిగిన మనిషి. జొన్నపిండి మూట, రొట్టెల పెనం, ఇంట్లో ఉన్న బిందెలన్నీ ఓడలోకి ఎక్కించింది. "ఆడ బిందెలు దొరకవా ఏందీ?" అన్నాడు నాయన. "బిందెలు దొరుకుతాయి. నీళ్లుంటాయో లేదో ఎవురికి తెల్సు?" అంది అమ్మ.

అక్కడ చూస్తే రోజూ మధ్యాహ్నం వానే. మాకిచ్చిన రేకుల ఇంటి మీద అది పడుతుంటే ఒకరి మాట ఒకరికి వినబడేది కాదు. మొదటి వానకే అమ్మ బిందెలు, గంగాళం, చెంబులు, చివరికి చెల్లెలి పాలగిన్నె కూడా చూరు కింద వరుసగా పెట్టింది. పక్కింటావిడ శ్రీకాకుళం వైపు మనిషి, ఆ తోటలోనే పుట్టి పెరిగింది. నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడి, "ఏటి పంతులమ్మా, వోనకి బిందెలెడతన్నావా? రేపూ వస్తాది" అని నవ్వింది. అమ్మ తలెత్తకుండానే, "రేపు వస్తాదని నీకెవురు చెప్పినారు?" అంది.

మరుసటి రోజూ వచ్చింది. ఆ మరుసటి రోజూ వచ్చింది. పట్టిన నీళ్లు ఎంత వాడినా తరగవు, పారబోయడానికి అమ్మకు చేతులు రావు. గదుల మూలల్లో, మంచం కింద, ఎక్కడ చూసినా నీళ్లే. జొన్నపిండికి బూజు పట్టింది. ఉతికిన బట్టలు ఆరక ముక్క వాసన వేసేవి, వాటినే తొడుక్కుని నాయన బడికి పోయేవాడు. రాత్రి ప్రార్థనలో అమ్మ ఊళ్లో అలవాటు కొద్దీ, "వానలు దయచేయి తండ్రీ" అనేది, నెత్తిన రేకులు దడదడలాడుతుండగా. నాయన గొంతు సవరించుకునేవాడు. "మనూరి మబ్బులన్నీ ఈడికొచ్చి చాకిరీ చేస్తాండాయి" అనేవాడు. ఆయన నవ్వులో కూడా అలసట ఉండేది. అమ్మ ఆ ఊరికి అలవాటు పడకపోతే మళ్లీ నంద్యాల పోవాలి, అక్కడ ఉద్యోగం లేదు. అందుకే సాయంత్రం వస్తూనే ముందు ఆమె మొహం చూసేవాడు.

అట్లా ఉండగా చెల్లెలికి జ్వరం వచ్చింది. ఒళ్లు పెనంలా కాలిపోయింది, రెండో రోజుకు ఏడ్చే శక్తి కూడా పోయింది. తోట ఆస్పత్రి కాంపౌండరు వచ్చి మందు ఇచ్చి, ఇల్లంతా తిరిగి చూశాడు. మంచం కింది గంగాళం బయటికి లాగి, అమ్మను పిలిచి వేలుతో చూపించాడు. నీళ్లలో సన్నటి పురుగులు తోకలాడిస్తున్నాయి. ఇంటెడు దోమలను మేమే పెంచుతున్నాం. అమ్మ ఒక్కొక్క బిందె ఎత్తి, వానలోనే, పెరట్లో కుమ్మరించింది. నాయన సాయం పోతే వద్దంది. చివరి బిందె పారబోసి, మెట్ల మీద కూర్చుని ఏడ్చింది.

దేవుడి దయవల్ల చెల్లెలు బతికింది. ఆ తర్వాత వాన వస్తే అమ్మ లేచేది కాదు. గోడవైపు తిరిగి బియ్యం ఏరుకునేది. ప్రార్థనలో వాన మాట కూడా మానేసింది. "మా ఇంటామె ఈడ కుదురుకునింది" అని నాయన అందరితో సంతోషంగా చెప్పేవాడు. నాకు మాత్రం అమ్మ కుదురుకున్నట్టు కాదు, అలిసిపోయినట్టు కనిపించేది.

కొన్నేళ్లకు నాయన ఒప్పందం ముగిసి తిరిగొచ్చాం. మంచి ఎండాకాలం, ఆళ్లగడ్డలో అవ్వ ఇంట్లో దిగాం. బావిలో నీళ్లు అడుగంటినాయి. ఒక సాయంత్రం మబ్బు పట్టి తొలివాన దిగింది. అవ్వ చెంబు పట్టుకుని వాకిట్లోకి పరుగెత్తింది. నేనూ చెల్లెలూ దొరికిందల్లా తెచ్చి చూరు కింద పెట్టాం. అమ్మ గడపలో నిలబడి చూస్తోంది.

"ఏందే అట్ల నిలబడినావ్? గంగాళం తేపో" అని అవ్వ కేకేసింది.

"పోనీలేమ్మా. రేపు వస్తాది" అంది అమ్మ.

అవ్వ చేతిలో చెంబు అట్లాగే ఆగిపోయింది. కూతురిని, ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

రేపు రాలేదు. ఆ నెలంతా రాలేదు. అమ్మ మళ్లీ తెల్లవారకముందే లేచి, బిందె నడుముకెత్తుకుని బావి దగ్గర వరుసలో నిలబడింది.

ఆ మాట అన్ననాటికి అమ్మకు ముప్పై ఏళ్లు కూడా లేవు. నేనిప్పుడు ఎనభైకి దగ్గర పడ్డాను. రేపు వస్తుందిలే అని వానను వదిలేసేటంత రేపు నా దగ్గర లేదు, అందుకే బకెట్ పెడతాను.