పేటకు ముందు పాలెం

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది, మన తీరంలోని పాత రేవుల మీద నేను రాసిన పుస్తకం అచ్చయింది. దినపత్రికలో పనిచేసి రిటైరైనవాడికి తీరిక ఎక్కువ, ఆహ్వానాలు తక్కువ. పిలిచిన చోటికల్లా పుస్తకాల సంచితో వెళ్లి మాట్లాడేవాణ్ని. విజయనగరంలో నన్ను పరిచయం చేసిన పెద్దమనిషి నా ప్రసంగం కూడా తానే పూర్తిచేశాడు. చీపురుపల్లిలో, స్టేషనుకు దగ్గర్లోని సభలో, శ్రోతలు చివరిదాకా కదలకుండా కూర్చున్నారు; రైలు ఆలస్యమని తర్వాత తెలిసింది. ఎక్కడికి వెళ్లినా శాలువా తప్పనిసరి. తిరుగు బస్సులో ఆ శాలువాను అమ్ముడుపోని పుస్తకాల మీద కప్పేవాణ్ని.

ఆ రోజుల్లో శ్రీకాకుళం జిల్లాలోని ఒక మత్స్యకారుల ఊరి నుంచి ఫోనొచ్చింది.

"మా పాలెం గురించి బుక్కులో రాసినారు గదండీ. మా ఊరొచ్చి సెప్పాల. బుక్కులు ఉన్నకాడికి అట్టుకొచ్చీయండి," అన్నాడు పాలెం పెద్ద.

ఉన్నకాడికి! నా పుస్తకం గురించి ఆ మాట వినడం అదే మొదలు.

ఆ ఊళ్లో రెండు వాడలు: పాలెం, పేట. సభ తుపాను షెల్టరులో. నేను వెళ్లేసరికే కుర్చీలు నిండిపోయాయి. పాలెం వాళ్లు ఒకవైపు, పేట వాళ్లు మరోవైపు. చూస్తుండగానే సంచి ఖాళీ అయింది. చరిత్రను ఆదరించే ఊరు ఒకటుందని లోలోపల పొంగిపోయాను. పుస్తకం తీసుకున్న ప్రతివాళ్లూ ఒకే పేజీ తెరుస్తున్నారని గమనించడానికి మాత్రం కాస్త సేపు పట్టింది.

పాలెం పెద్ద మైకు అందుకున్నాడు. "సారు గొప్ప మాట రాసినారు. 'పేటకు ముందు పాలెం ఉండేది.' అచ్చులో ఉన్నాది. మరింక ఈ ఏడు తొలి ముర్రాట మాది."

అప్పటికి గాని నాకు విషయం తలకెక్కలేదు. అమ్మవారి పండక్కి పసుపు నీళ్లు, వేపాకులతో ఎత్తుకొచ్చే కుండను అక్కడ ముర్రాట అంటారు. ఊరు మొదట కట్టుకున్నది తామేనని తొలి ముర్రాట ఎప్పుడూ పేట వాళ్లే అమ్మవారికి పోస్తున్నారు. పండక్కి ఇక కొద్ది రోజులే ఉన్నాయి. ఏటేటా ఆ కుండ ఎత్తే ముసలామె పేట వైపు నుంచి లేచి నిలబడింది.

"నానేటి సేసినాను బాబూ నీకు? అది మా అత్త ఎత్తిన కుండ. ఆవిడ పోయినకాడినుంచి నాను ఎత్తుతన్నాను. ఇప్పుడు నీ బుక్కొచ్చి దించీమంతాదేటి?"

"దించక తప్పదు పిన్నీ, సరిత్ర అలగున్నాది," అన్నాడు పాలెం వైపు నుంచి ఒకడు.

"నీ సరిత్ర నాకు తెల్దేట్రా? పెళ్లికి పంచె మా ఇంట్లో అడిగి కట్టుకున్నావు."

షెల్టరంతా గొల్లున నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. రెండర్థాలొచ్చే వాక్యాలను పట్టుకుని కొట్టేయడమే డెస్కులో నా ఉద్యోగం. విలేఖరులను చాలామందిని దానికోసం తిట్టాను. అలాంటి వాక్యాన్నే నా ఖర్చుతో మంచి కాగితం మీద అచ్చేయించుకున్నాను. ఓడవాళ్లు గీసుకున్న ఒక పాత పటం చూసి రాసిన మాట అది. సముద్రం మీంచి వచ్చేవాళ్లకి పాలెం ఎదురుగా కనిపించేది, పేట దాని వెనక. నా దృష్టిలో ముందు అంటే చోటు. ఊరి దృష్టిలో కాలం.

అదే మైకులో చెప్పాను.

"మరెవలు ముందొచ్చినట్టు?" అన్నాడు పాలెం పెద్ద.

"దానికి నాకు ఆధారం దొరకలేదు."

"ఇంత బుక్కు రాసీసి తెల్దంతారేటండీ!"

"పేపరోలు ఇంతే మావా. ఇయ్యాల ఏస్తారు, రేపు సవరణ ఏస్తారు," అని అతన్ని ఊరడించాడు పంచె అరువు తెచ్చుకున్నవాడు.

ముసలామె పక్కవాళ్ల చేతిలోని పుస్తకం లాక్కుని నా ముందుకొచ్చింది. "ఆ తెల్దన్న మాటే దీంట్లో రాసియ్యి."

రాసి, కింద సంతకం పెట్టాను. ఆమె దాన్ని తన వాళ్లకివ్వకుండా నేరుగా పాలెం పెద్ద చేతిలో పెట్టింది.

"నువ్వు సదువు. మావోలు సదివితే మీకు నమ్మకం సాల్దు."

అతను మైకులో గొంతు సవరించుకుని, ఇష్టం లేకపోయినా గట్టిగానే చదివాడు: "పాలెం సముద్రం వైపు ఉండేది. ఎవరు ముందు వచ్చారో ఈ రచయితకు తెలియదు." నేను రాసింది ఏదీ ఇంత శ్రద్ధగా ఒక సభ వినడం నేనెరగను. "సర్లే, ఆధారం లేనప్పుడు పాత పద్ధతే," అని అతను మైకు కింద పెట్టేశాడు.

పాలెం వాళ్లు ఒక్కొక్కరే వచ్చి పుస్తకాలు నా సంచిలో తిరిగి పెట్టేశారు. ఆ పేజీ మూలలు మడిచినవి మడిచినట్టే ఉన్నాయి. శాలువా ఎలాగూ కొన్నారు కాబట్టి కప్పారు.

ఆటో ఎక్కబోతుంటే ముసలామె వెనకాలే వచ్చింది. "పండక్కి రా బాబూ. నిన్ను ముందు నిలబెడతాను."

"ముందంటే ఎక్కడమ్మా?" అని అడిగాను. ఈసారి అడక్కుండా ఉండలేకపోయాను.

"అమ్మోరికి ఎదురుగా," అంది. "కుండ మాత్రం నాదే ముందు."