అమ్మ తలలో ఉడికిన గుడ్డు

మా అమ్మ జడ మోకాళ్ళ కిందికి ఉండేదంటే ఇప్పుడు మా ఇంట్లో పిల్లలెవరూ నమ్మరు. నమ్మకపోతే మానె. చిన్నప్పుడు ఆ జడ పట్టుకుని ఊగినదాన్ని నేను. లాలాగూడ రైల్వే క్వార్టర్లలో ఆ జడకు పెద్ద పేరు. పంపు దగ్గర ఆడవాళ్ళు బిందె పక్కన పెట్టి మరీ అడిగేవాళ్ళు, ఏం రాస్తావు, ఏం తింటావు అని. అమ్మ నవ్వి ఊరుకునేది. అమ్మ నీళ్ళు తెచ్చిన ప్రతిరోజూ మా నాయనమ్మ ఉప్పు తిప్పి దిష్టి తీసేది.

అంతటి జుట్టూ పోలీస్ యాక్షన్ ఏడాది కొబ్బరిపీచైపోయింది.

ఆ ఏడు గొడవలతో దారులు క్షేమంగా లేవని ఊళ్ళ నుంచి బండ్లు రావడం తగ్గింది. మా సంస్థానం సరిహద్దు అవతలి నుంచి సరుకు ఆగిపోయింది. ఉప్పు దొరికిన రోజు పండుగ. ఇక కుంకుడుకాయలు, కొబ్బరినూనె ఎక్కడివి? అమ్మ బట్టలుతికే సోడా నీళ్ళలో కలిపి తల రుద్దుకునేది. మొదటిసారి జుట్టు తళతళలాడిందని మురిసిపోయాం కూడా. ఆ తర్వాత అది బిరుసెక్కింది, ఎర్రబడింది, కొసలు చీలిపోయాయి. దువ్వెన పెడితే చిటచిటమని చప్పుడు.

నాయనమ్మ మాత్రం సోడా దగ్గరికి వెళ్ళలేదు. ఆమెది నిమ్మకాయంత కొప్పు. పొద్దున్నే ఎండలో కూర్చుని, చిక్కు తీసి, నూనె రాసి, ముడి చుట్టి, దాంట్లో వెండి పిన్ను గుచ్చేసరికి మా అందరి టిఫిన్లు అయిపోయేవి. అంత చిన్న కొప్పుకు అంతసేపెందుకని నేను ఏడిపిస్తే, "చిన్నగున్నదాన్నే జాగ్రత్తగ చూస్కోవాలె" అనేది. ఆమె దగ్గర కుంకుడుకాయలు, నూనె ఎక్కడో దాచి ఉన్నాయని నాకు అనుమానం. ఎంత వెతికినా దొరకలేదు.

మా నాయన గూడ్సు బండి మీద గార్డు. ఆ ఎండాకాలం బెజవాడ వైపు డ్యూటీకి పోయి, బండ్లు ఆగిపోతే అక్కడే చిక్కుకుపోయాడు. ఉత్తరం లేదు, కబురు లేదు. నాయనమ్మ రోజూ గుమ్మంలో కూర్చుని, వచ్చే పోయే రైల్వేవాళ్ళనల్లా అడిగేది. అమ్మ ఎవరినీ అడిగేది కాదు. ఒకరోజు పక్క క్వార్టర్‌లో, అమ్మకు ఆపా, నాకు ఖాలా అయిన సాయిబులామె దగ్గర కూర్చుని బియ్యంలో రాళ్ళేరుతూ మెల్లగా చెప్పింది.

"ఆయన మంచిగ ఇల్లు చేరితె గుట్ట మీద నర్సింహసామికి నా జుట్టంత ఇస్తనని మొక్కిన ఆపా."

ఖాలా చేతిలో చాట ఆగింది. "అంతనా? మూడు కత్తెర్లిస్తె సరిపోదా?"

"అంత."

నేను ఖాలా ఒళ్ళో తలపెట్టి పడుకుని ఉన్నాను. నిద్రపోతున్నాననుకున్నారు. ఎవరికీ చెప్పొద్దని తర్వాత అమ్మ నా చేత ఒట్టు వేయించుకుంది. నాయనమ్మకు తెలిస్తే ఒప్పుకోదని అమ్మ భయం.

ఖాలా వాళ్ళాయన వర్క్‌షాపులో ఫిట్టరు. వాళ్ళది సాయిబుల ఇల్లే అయినా మా ఇంటి కన్నా స్వచ్ఛమైన తెలుగు. సెప్టెంబరులో యూనియన్ పటాలం వచ్చింది, కంటోన్మెంటు రోడ్లన్నీ ట్రక్కులతో నిండిపోయాయి, మా లైన్లో పిల్లలం చేతులూపుతూ అరిచి గొంతులు పోగొట్టుకున్నాం. ఖాలా ఇంటి తలుపు మాత్రం మూసుకుంది. సాయిబుల ఇళ్ళ మీద పడుతున్నారని ఊళ్ళ నుంచి వినకూడని సంగతులు వినబడుతున్నాయి. ఖాలా వాళ్ళాయన పనికి పోవడానికి కూడా జంకాడు. కోళ్ళను సైతం లోపలే పెట్టుకున్నారు.

అమ్మ పోయి తలుపు తట్టింది. తీయలేదు. మళ్ళీ తట్టి, అక్కడే గడప మీద కూర్చుని, కొప్పు విప్పేసింది.

"ఆపా, బండ్లు నడుస్తున్నయట. ఆయన ఎప్పుడొస్తడో ఏమో. నా తల చూడు జెర. గీ పీచు ఇస్తె సామి ఏం జేస్కుంటడు, గిన్నెలు తోముకుంటడా?"

లోపల్నుంచి ఒక నవ్వు వినిపించింది. తర్వాత గడియ తీసిన చప్పుడు.

"ఇచ్చేముందు ఆయన ఒక్కసారి చూడాలె ఆపా. ఎన్కటి లెక్క ఉండంగ చూడాలె. అంతే నాకు గావాలె" అంది అమ్మ. ఖాలా ఆ జుట్టును చేతిలోకి తీసుకుని, బట్టల కొట్టువాడు గుడ్డ నలిపి చూసినట్టు చూసి, "అయితది. గని నేను చెప్పినట్టు వినాలె" అంది.

ఖాలా చెప్పింది ఇదీ. గుప్పెడు మెంతులు రాత్రి నానబోసి, పొద్దున రోట్లో వెన్నలా రుబ్బాలి. మందారాకులు నీళ్ళలో పిసికితే జిగురు వస్తుంది, దాన్ని వడగట్టి కలపాలి. పులవని పెరుగు ఒక గరిటె. ఇవన్నీ మా ఇంట్లోనూ చేసుకోవచ్చు. చివరిది కోడిగుడ్డు. అక్కడ వచ్చింది తంటా.

మా నాయనమ్మ మెడలో తులసి పూసల పేరు వేసుకున్నప్పటి నుంచి మా ఇంట్లో నీసు బంద్. గుడ్డు అనే మాట కూడా అనేది కాదు. ఖాలా కోడి కొక్కరిస్తే "అది పెట్టినట్టున్నది" అనేది. అందుకని గుడ్డు పని ఖాలా వాకిట్లోనే జరగాలని నిర్ణయమైంది. నాయనమ్మకు చెప్పాల్సింది మెంతులు, పెరుగు, మందారాకు. అవి అబద్ధం కాదు కదా.

ఆ పొద్దున నేను కాపలా. అంటే నోట్లో కొంగు కుక్కుకుని నవ్వు ఆపుకోవడమే నా పని. ఖాలా గిన్నెలో గుడ్డు కొట్టి గిలకొట్టింది, మెంతిపిండి కలిపింది. అమ్మ కళ్ళు మూసుకుని "రామ రామ" అంటోంది. ఖాలా పాయలు పాయలుగా తీసి, మాడుకు కాకుండా నడుమ నుంచి కొసల దాకా పట్టించింది. కొసలకు రెండుమార్లు. అంతా చుట్టి ముడేసి, పాత లుంగీ బిగించి కట్టి, అమ్మను నులక మంచం మీద ఎండలో కూర్చోబెట్టింది. నొగలు లేని బండి మీద మూట పెట్టినట్టుంది అమ్మ.

"చన్నీళ్ళతోనే కడగాలె. యాదుంచుకో" అంది ఖాలా.

సరిగ్గా అప్పుడే మా ఇంటి ముందు నుంచి నాయనమ్మ కేక. ఏమైందోనని అమ్మ ఆ తలపాగాతోనే పరుగెత్తింది, వెనక నేను. మా గుమ్మంలో నాయనతో పనిచేసే ఇంకో గార్డు నిలబడి ఉన్నాడు. బెజవాడ వైపు నుంచి వచ్చిన బండిలో దిగి నేరుగా మా ఇంటికే వచ్చాడట. నాయన క్షేమం. ఈ వారంలోనే వస్తాడు. అమ్మ రెండు చేతులూ జోడించింది. నాయనమ్మ ఆ గార్డు నోట్లో బెల్లం పెట్టింది, నా నోట్లో పెట్టింది, దారిన పోతున్న చాకలామె నోట్లో కూడా పెట్టింది.

మంచి మాట విన్నరోజు తలకు పోసుకోవడం మా ఇంటి ఆనవాయితీ. అదీ పెద్దవాళ్ళ చేతి మీదుగా. గార్డు అటు పోయాడో లేదో, నాయనమ్మ గంగాళం కింద మంట ఎగదోసింది.

"తలకు మెంతులు పెట్టినవా? మంచిగైంది. రా, కూసో."

"అత్తమ్మా, ఇయ్యాల నేను చన్నీళ్ళు పోస్కుంటా."

"పిచ్చి లేసిందా ఏందే? మొగుడొచ్చే యాళ్ళకు జరం తెచ్చుకుంటవా? కూసో."

అమ్మ నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను. నాయనమ్మ లుంగీ విప్పి, సల్లగుండాలె, పది మంది పిల్లల తల్లివి కావాలె అని దీవిస్తూ, పొగలు కక్కే నీళ్ళు చెంబులకు చెంబులు కుమ్మరించింది. కోడలి మీద ప్రేమ కొద్దీ ఒక్క చెంబులోనూ చన్నీళ్ళు కలపలేదు.

గుడ్డు ఉడికింది.

జుట్టు నిండా తెల్లవీ పచ్చవీ ముక్కలు. నాయనమ్మ వంగి చూసింది. "మెంతులు గిట్ల ఉడుకుతయా?" అంటూ ఒక ముక్క వేళ్ళ మధ్య నలిపింది, ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆమె మొహం చూడగానే నా నోట్లోని కొంగు ఊడిపోయింది. ఇక ఆపుకోలేక అరుగు మీద పడి దొర్లాను. అమ్మ మొదట భయంతో వణికింది, తర్వాత ఆ వణుకు నవ్వైంది. నాయన డ్యూటీకి పోయినప్పటి నుంచి అమ్మ నవ్వగా నేను వినలేదు. ఆ నవ్వు వింటుంటే, ఇక అన్నీ మంచిగానే జరుగుతాయని నాకు గట్టి నమ్మకం కలిగింది.

నాయనమ్మ నవ్వలేదు. వెళ్ళి నిండా స్నానం చేసి, దేవుడికి దండం పెట్టుకుని వచ్చి, గోడ మీదుగా ఖాలాను పిలిచింది.

"నువ్వు వండిన కూర నువ్వే ఏరుకో."

"చన్నీళ్ళని చెప్పిన పెద్దమ్మా."

"నాకు చెప్పినవా?"

ఖాలా వచ్చి పేలదువ్వెనతో ముక్కలేరింది. కాకులు గోడ మీద వరుసగా కూర్చుని విందు చేసుకున్నాయి. నాయనమ్మ దూరంగా కూర్చుని, "నీ జుట్టుకు గింత ఆత్రం ఏమొచ్చిందే?" అని అడిగింది. అమ్మకు ఇక దాచే ఓపిక లేదు. మొక్కు సంగతి చెప్పేసింది. నాయనమ్మ లేచి లోపలికి పోయి, చింతపండు కుండ అడుగు నుంచి ఒక చిన్న సీసా, ఒక మూట తెచ్చి అమ్మ ముందు పెట్టింది. సీసాలో కొబ్బరినూనె. మూటలో కుంకుడుకాయలు. ఆ కుండలో నేను మూడుసార్లు చెయ్యి పెట్టాను, చింతపండు తీసుకున్నాను గానీ అడుగుదాకా పోలేదు.

ఆ వారమంతా నాయనమ్మ, ఖాలా ఇద్దరూ కలిసి అమ్మ తలను పంచుకున్నారు. గుడ్డు లేదు. మెంతులు, మందారాకు ఖాలావి, నూనె, కుంకుళ్ళు నాయనమ్మవి. పోట్లాట మాత్రం ఇద్దరిదీ. చీలిన కొసలు ఖాలా కత్తిరించింది. నాయన పెట్టె పట్టుకుని సందు మలుపు తిరిగే రోజుకు ఆ జడ మళ్ళీ నల్లగా, బరువుగా అమ్మ వెనక ఊగుతోంది. నాయన బాగా చిక్కిపోయాడు. అన్నం తిని లేస్తూ, పక్కనుంచి పోతున్న అమ్మ జడ కొస పట్టుకుని ఒక్క క్షణం ఆపాడు. అందరి ముందూ అలా చేయడం అదే మొదలు. నాయనమ్మ మొహం తిప్పుకుని, అక్కడ లేని పిల్లిని తిట్టడం షురూ చేసింది.

తర్వాత గుట్టకు పోయాం. రాయగిరిలో రైలు దిగి ఎడ్లబండి. దారిపొడుగునా నాయన మొహం మాడ్చుకుని కూర్చున్నాడు, వద్దని మాత్రం అనలేకపోయాడు. తలనీలాలు తీసే చోట అమ్మ జడ విప్పి పీట మీద కూర్చోబోయింది.

"ఆగవే" అంది నాయనమ్మ. "గుడ్డు తగిలిన జుట్టు సామికెట్లిస్తవ్?"

"గుడ్డేందమ్మా?" అన్నాడు నాయన.

"నువ్వు ఊకోరా."

అమ్మ తెల్లబోయింది. "అన్నిమార్లు కడిగినం గదత్తమ్మా. పోనీ, మూడు కత్తెర్లన్న ఇస్త. కొసలు."

"కొసలకే గద రెండుమార్లు పూసింది." ఆ సంగతి నాయనమ్మకు చెప్పింది ఖాలానా, నేనా అన్నది నేను ఇప్పుడు కూడా చెప్పను. "మొక్కింది నువ్వు, ఒప్పుకున్న. వచ్చింది నా కొడుకు. మా ఇంట్ల గుడ్డు తగలని తల ఒక్కటే ఉన్నది."

అంటూ కొప్పులోంచి వెండి పిన్ను తీసి అమ్మ చేతిలో పెట్టి, పీట మీద తానే కూర్చుంది. మంగలి నీళ్ళు చల్లాడు. రోజూ అంతసేపు ఎండలో కూర్చుని చూసుకున్న జుట్టు రెండు నిమిషాల్లో ఒళ్ళో పడింది. అమ్మ ఆ పిన్ను గుప్పిట్లో బిగించి పట్టుకుని ఏడ్చింది. నాయన ఎటో చూశాడు. ఆ పూట నాయనమ్మ మీద పొంగినంత ప్రేమ నాకు మళ్ళీ ఎవరి మీదా పొంగలేదు.

తిరిగి వచ్చిన మరునాడు నాయనమ్మ తల మీద కొంగు కప్పుకుని, ఎన్నడూ దాటని ఖాలా గడప దాటి, నులక మంచం మీద కూర్చుంది.

"ఇయ్యాల పెట్టిందా?"

"ఏంది పెద్దమ్మా?"

"గుడ్డే. పెట్టిందా లేదా?" నాయనమ్మ కొంగు తీసి, నున్నటి తల చేత్తో తడుముకుంది. "నా తలకు జెర పట్టిస్తవా? చన్నీళ్ళే పోస్కుంటలే."